ఫైబర్ బోటుకు సరైన ప్రొపెల్లర్: పిచ్ లెక్క, ఆర్‌పీఎం పరీక్ష

క్లుప్తంగా

పూర్తి బరువుతో, పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజను తన పుస్తకంలో నిమిషానికి ఇన్ని చుట్లు అని రాసి ఉన్న ఆర్‌పీఎం పరిధిని అందుకుంటే ప్రొపెల్లర్ సరిపోయినట్టు. అందుకోలేకపోతే పిచ్ (ఒక చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు పోయే కొలత) తగ్గించాలి, పరిధి దాటిపోతే పెంచాలి. ఒక అంగుళం పిచ్‌కు సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో వలలు మోసే ఫైబర్ బోట్లకు చాలావరకు తక్కువ పిచ్ ఉన్న అల్యూమినియం ప్రొపెల్లర్ నప్పుతుంది.

ఖాళీ బోటు చక్కగా పరుగెత్తుతుంది. వల, ఐసు పెట్టె, పెట్రోలు క్యాన్లు, నలుగురైదుగురు మనుషులు ఎక్కగానే ఇంజను గొంతు మారుతుంది, పొగ ఎక్కువవుతుంది, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దాటేసరికి తలప్రాణం తోకకు వస్తుంది. ఇలాంటప్పుడు ముందుగా కార్బ్యురేటర్‌ను, ఆ తర్వాత ప్లగ్గులను, చివరికి పెట్రోలు కల్తీని అనుమానించడం మామూలే. వెనక నీళ్లలో ఉన్న ప్రొపెల్లర్ మీదికి చూపు పోదు. దాన్ని మార్చాలనుకున్నవారికేమో ఫోన్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా చెరువుల్లో చేపల పోటీలకు తిరిగే బాస్ బోట్ల కోసం చెప్పినవి. వాటిని కొత్తపట్నంలోనో మైపాడులోనో యథాతథంగా పాటిస్తే డబ్బుతోపాటు ఇంజనూ పోతుంది.

రెండు అంకెలు

ప్రొపెల్లర్ బొడ్డు మీద గానీ రెక్క మొదట్లో గానీ రెండు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 9.25 × 11. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొనలు గీసే వృత్తం అడ్డుకొలత. రెండోది పిచ్. నీరు ఏమాత్రం జారిపోకుండా నిలబడితే ఒక చుట్టులో ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పే కొలత అది. రెండూ అంగుళాల్లోనే ఉంటాయి.

చిన్న ఇంజన్లలో వ్యాసాన్ని మార్చడానికి పెద్దగా చోటుండదు. ప్రొపెల్లర్ పైన ఉండి గాలి దిగకుండా ఆపే యాంటీ వెంటిలేషన్ ప్లేటు కింద పట్టేంత వరకే పెట్టగలం. కాబట్టి ఎంపిక అంతా పిచ్ చుట్టూనే తిరుగుతుంది. బరువు లాగే బోటుకు వ్యాసం ఎక్కువగా, పిచ్ తక్కువగా ఉండాలి. తేలిగ్గా ఉండి వేగంగా పోయే బోటుకు పిచ్ ఎక్కువ కావాలి.

బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజనుకు ముందుకు పోవడానికి ఉన్నది ఒకే ఒక్క గేరు. బరువును బట్టి గేరు మార్చుకునే వీలు లేదు గనక ఆ పని ప్రొపెల్లరే చేయాలి. పిచ్ ఎక్కువైన బోటు, దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌ను టాప్ గేరులో ఎక్కబోయే లారీ లాంటిది. థ్రాటిల్ ఎంత తిప్పినా ఇంజను మూలుగుతుందే తప్ప చుట్లు పెరగవు.

బాస్ బోటు సలహా ఇక్కడ ఎందుకు నప్పదు

బాస్ అనేది మంచినీటి చేప. దాన్ని గాలంతో పట్టే పోటీల కోసం అమెరికాలో తయారయ్యే బోట్లు సుమారు 18 నుంచి 21 అడుగులు ఉంటాయి. ఒకరిద్దరు మనుషులు, వెనక 150 నుంచి 250 హెచ్‌పీ ఇంజను. వేగం అందుకోగానే బోటు నీటి మీదికి లేస్తుంది, అడుగులో కొద్ది భాగమే నీటిని తాకుతుంది. అందుకే వాటికి 22 నుంచి 26 అంగుళాల పిచ్, ముక్కును పైకెత్తేలా రెక్కలు వెనక్కి వాలిన స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లర్, ఇంజనును ఎత్తులో బిగించే జాక్ ప్లేటు నప్పుతాయి.

మన ఫైబర్ బోటు కథ వేరు. 28 నుంచి 32 అడుగుల పొడవు, చాలావాటికి 10 హెచ్‌పీ అటూ ఇటూ ఇంజను, పైన వలల బరువు. ఇది నీటిని చీల్చుకుంటూ పోయే బోటు. ఇలాంటి బోటుకు సౌకర్యంగా అందే వేగం నీటిలో ఆనే పొడవును బట్టి ఉంటుంది. ఆ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో, అంటే గంటకు నాటికల్ మైళ్లలో వస్తుంది. 25 అడుగులు నీటిలో ఆనితే 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12.4 కిలోమీటర్లు. సన్నగా, తేలిగ్గా ఉన్న బోటు దీన్ని కొంత దాటుతుంది. బరువెక్కిన బోటును ఈ గీత దాటించాలంటే పెట్రోలు విపరీతంగా తాగుతుంది, వేగం మాత్రం కాస్తే పెరుగుతుంది. ఎక్కువ పిచ్ పెట్టినంత మాత్రాన ఈ హద్దు జరగదు.

సోమశిల లాంటి జలాశయంలో ఇద్దరు మనుషులతో తిరిగే చిన్న, తేలికపాటి బోటుకు బాస్ బోటు సూత్రాలు కొంతవరకు పనికొస్తాయి. సముద్రంలో వేటకు పోయే బోటుకు పనికిరావు.

ఇంజను పుస్తకంలోని పరిధి

ప్రతి అవుట్‌బోర్డ్‌కూ పూర్తి థ్రాటిల్‌లో ఎన్ని చుట్లు తిరగాలో తయారీదారు ఒక పరిధి ఇస్తాడు. చిన్న ఇంజన్లలో 4500 నుంచి 5500, లేదా 5000 నుంచి 6000 అని ఎక్కువగా కనిపిస్తుంది. మీ ఇంజను పుస్తకంలో ఉన్న అంకే మీకు ప్రమాణం. ఎంపికలో తక్కినవన్నీ ఈ అంకె తర్వాతే.

ఈ పరిధి అందకుండా బరువు లాగుతుంటే సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరుగుతాయి. పిస్టన్ నెమ్మదిగా కదులుతుంటే లోపలికి పోయే ఇంధనం మాత్రం తగ్గదు, సగం కాలి మసిగా మారుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, రింగులు గాడిలో అంటుకుపోతాయి. పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ తల కరిగిపోయే దాకా పోతుంది. టూ స్ట్రోక్ ఇంజన్లలో ఈ నష్టం మరీ తొందరగా జరుగుతుంది. కనిపించేది మాత్రం ‘కొంచెం మందకొడిగా లాగుతోంది’ అన్నంతే. అందుకే దీన్ని జబ్బుగా గుర్తించేసరికి ఆలస్యమవుతుంది.

పరిధి దాటి తిరిగితే నష్టం ఇంకో రకం. కనెక్టింగ్ రాడ్డు, బేరింగుల మీద భారం పడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి చుట్లను ఆపే ఏర్పాటు ఉంటుంది, ఇంజను తడబడుతూ దాన్ని తెలియజేస్తుంది. పాత టూ స్ట్రోక్‌లకు ఆ రక్షణ ఉండకపోవచ్చు.

వేటకు పోయేటప్పుడు తేలిగ్గా, తిరిగొచ్చేటప్పుడు చేపతో బరువుగా ఉండే బోటుకు రెండు చివరలూ చూసుకోవాలి. తేలిగ్గా ఉన్నప్పుడు పై హద్దు దాటకూడదు, నిండుగా ఉన్నప్పుడు కింది హద్దుకు తగ్గకూడదు. రెండూ ఒకే ప్రొపెల్లర్‌తో కుదరకపోతే నిండు బోటుకే మొగ్గు చూపాలి. తేలిగ్గా ఉన్నప్పుడు థ్రాటిల్ కాస్త తగ్గించుకోవచ్చు. నిండుగా ఉన్నప్పుడు, అదీ మొగలో అల వెనక నుంచి తరుముతున్నప్పుడు, లేని బలాన్ని తెచ్చుకోలేం.

పరీక్ష

కావలసినవి రెండే: ఆర్‌పీఎం చూపే టాకోమీటరు, జీపీఎస్. చిన్న ఇంజన్ల మీద టాకోమీటరు ఉండదు. ప్లగ్గు వైరు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి పెట్టుకునే చిన్న డిజిటల్ మీటరు చాలు. ఒక చుట్టుకు ఎన్ని స్పార్కులో అందులో సరిగ్గా అమర్చాలి. చాలా ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లలో కూడా చుట్టుకొకసారి స్పార్కు వస్తుంది కాబట్టి కారు లెక్క (రెండు చుట్లకొకసారి) పెడితే తప్పు చూపుతుంది. రావలసినదానికి సరిగ్గా సగమో, రెండింతలో వస్తే తప్పు ఇంజనుది కాదు, అమరికది.

బోటులో మామూలుగా వేటకు తీసుకెళ్లే బరువంతా ఉండాలి. తడిసిన వల పొడి వలకన్నా ఎంతో బరువు కాబట్టి తడి వలతోనే చూడాలి. పరీక్ష లోతు నీళ్లలో జరగాలి. బకింగ్‌హామ్ కాలువలోనో, లోతు తక్కువ ఉప్పుటేరులోనో చూస్తే అడుగు దగ్గరగా ఉండి నీటి ఒరిపిడి పెరుగుతుంది, చుట్లు తక్కువగా కనిపిస్తాయి. ఆ అంకెను నమ్మి పిచ్ తగ్గిస్తే సముద్రంలో ఇంజను హద్దు దాటుతుంది.

గాలి లేని వేకువన, నీరు నిలకడగా ఉన్నప్పుడు ఇంజనును పది నిమిషాలు వేడెక్కనిచ్చి, పూర్తి థ్రాటిల్‌లో ఒక నిమిషం పాటు నిలకడగా నడిపి రెండు అంకెలూ రాసుకోవాలి. వెంటనే వెనక్కి తిరిగి ఎదురు దిశలో అదే చేయాలి. జీపీఎస్ చూపేది నేల మీద వేగం, నీటిలో వేగం కాదు. ఈ తీరం వెంట ప్రవాహం వేసవికి ముందు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి సాగుతుంది. ఒకవైపే కొలిస్తే ప్రవాహం కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు వైపుల సగటు తీసుకుంటే ఆ తేడా పోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం 61 రోజులు. కొలత నిషేధానికి ముందే తీసుకుని పెట్టుకుంటే ప్రొపెల్లర్ తెప్పించుకోవడానికి, మరమ్మతుకు ఆ రెండు నెలలు పనికొస్తాయి. నిషేధ కాలంలో ప్రొపెల్లర్ మార్చుకుని, నిషేధం ముగిశాక మొదటి రోజే లోతు నీళ్లలో పరీక్షించుకోవాలన్న ఆలోచన ఉంటే, తీసిన పాత ప్రొపెల్లర్‌ను పారేయకుండా బోటులో ఉంచుకోవాలి.

ఒక లెక్క

పరిధి 4500 నుంచి 5500 ఉన్న ఇంజనుకు 11 పిచ్ ప్రొపెల్లర్ ఉందనుకుందాం. నిండు బోటుతో 4400 దాటడం లేదు. 5000 దగ్గర తిరగాలన్నది లక్ష్యం. లోటు 600. అంగుళానికి 200 చొప్పున మూడు అంగుళాలు తగ్గించి 8 పిచ్ పెట్టాలి. అంగుళానికి 150 మాత్రమే వచ్చినా 4850 దగ్గర ఆగుతుంది, అదీ పరిధిలోనే ఉంది.

ఈ 150, 200 లెక్క అన్ని బోట్లకూ ఒకేలా వర్తించదు. బరువు ఎక్కువైనకొద్దీ తేడా మారుతుంది. కాబట్టి వీలైతే అదే ఇంజను ఉన్న మరో బోటు నుంచి ఒక పూట ప్రొపెల్లర్ తీసుకుని చూసి కొనడం మంచిది. అయితే షాఫ్టు మీది పళ్ల సంఖ్య, బొడ్డులోని రబ్బరు బుష్ కొలత కలవాలి. ఒక కంపెనీది మరో కంపెనీ ఇంజనుకు చాలావరకు నేరుగా ఎక్కదు.

నీరు ఎంత జారిపోతోందో కూడా లెక్కగట్టవచ్చు. ఆర్‌పీఎంను గేరు నిష్పత్తితో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు) భాగించి, పిచ్‌తో గుణించి, ఆ వచ్చినదాన్ని 656తో భాగిస్తే జారుడు లేని వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. గేరు నిష్పత్తి 2.08 అయితే, 5000 ఆర్‌పీఎం, 8 పిచ్‌కు సుమారు 29. అసలు వేగం 13 అయితే 16 కిలోమీటర్లు జారిపోయినట్టు, అంటే 55 శాతం పైమాటే. ఇది చూసి కంగారుపడక్కర్లేదు. బరువు బోట్లలో ఇంత జారుడు సహజం. గేరు నిష్పత్తి 1.75, పిచ్ 25 ఉన్న బాస్ బోటు 5800 దగ్గర సిద్ధాంత వేగం 126 కాగా, పది శాతం జారుడుతో 113 చేరుతుంది. ఆ పది శాతాన్ని ఆదర్శంగా చూపే వీడియోను నమ్మి ఫైబర్ బోటు జారుడు తగ్గించాలని పిచ్ మార్చుకుంటూ పోవడం వృథా. జారుడు అంకె ఉపయోగం ఒక్కటే: అదే బోటుకు, అదే బరువుకు రెండు ప్రొపెల్లర్లను పోల్చడం.

మూడు రెక్కలా, నాలుగా

చిన్న ఇంజన్లకు మూడు రెక్కలే ప్రమాణం, ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి. నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, అదురు తక్కువ, అలల మీద అమరం (బోటు వెనక భాగం) పైకి లేచినప్పుడు పట్టు త్వరగా వదలదు. పై వేగం కాస్త తగ్గుతుంది. అదే పిచ్‌లో మూడు నుంచి నాలుగుకు మారితే చుట్లు తగ్గుతాయి కాబట్టి మామూలుగా ఒక అంగుళం తక్కువ పిచ్ తీసుకుంటారు. రెక్క వెనక అంచును కొద్దిగా ముడిచిన రకం ప్రొపెల్లర్ కూడా అంతే, మీద రాసిన పిచ్ అంకె కన్నా ఎక్కువ భారం వేస్తుంది. పాత ప్రొపెల్లర్‌కు ఆ ముడత లేక కొత్తదానికి ఉంటే, రెండూ 9 పిచ్చే అయినా ఇంజనుకు సమానం కావు.

గాలి మింగడం

మొగ దాటేటప్పుడు హఠాత్తుగా ఇంజను గీపెడుతుంది, బోటు మాత్రం ముందుకు పోదు. అల అమరాన్ని ఎత్తినప్పుడు పైనున్న గాలి ప్రొపెల్లర్‌లోకి దిగడం వల్ల ఇది జరుగుతుంది. నీరు తప్పిన రెక్కకు ఎదురు ఉండదు. చుట్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అల విరిగే చోట ఆ రెండు మూడు క్షణాలు బోటు అడ్డం తిరగడానికి చాలు. కాబట్టి దీన్ని కేవలం సామర్థ్యం లెక్కగా చూడకూడదు.

దీన్ని చాలామంది కావిటేషన్ అంటారు, కానీ అది వేరు. రెక్క వెనక ఒత్తిడి మరీ పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారి, అవి పగులుతూ లోహాన్ని కొరకడం కావిటేషన్. రెక్క మీద సూదితో పొడిచినట్టు గుంటలు కనిపిస్తే అది ఆనవాలు. సొట్టపడిన అంచు దానికి సాధారణ కారణం.

గాలి దిగడానికి కారణాలు ఇంజను ఎత్తులో వెతకాలి. ప్రొపెల్లర్ పైన ఉండే యాంటీ వెంటిలేషన్ ప్లేటు, బోటు అడుగుతో సమానంగా లేదా ఒక అంగుళం కిందికి ఉండాలి. అలల్లోంచి దిగే బోట్లకు ఆ అంగుళం కిందే మేలు. ప్లేటు పైకి ఉంటే ఏ ప్రొపెల్లర్ పెట్టినా గాలి దిగుతుంది. మరీ లోతుగా దించితే ఇంజను కాలి (నీటిలోకి దిగే కింది భాగం) ఒరిపిడి పెరిగి పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజన్లు 15 అంగుళాల పొట్టి షాఫ్టు, 20 అంగుళాల పొడుగు షాఫ్టుగా వస్తాయి. వెనక చెక్క ఎత్తును కొలవకుండా పొట్టి షాఫ్టు ఇంజను కొనడం ఈ సమస్యకు సూటి దారి. ఆపై ఇంజనును వంచే పిన్ను ఏ రంధ్రంలో ఉందో చూడాలి. నిలువుకు దగ్గరగా ఉంటే రెక్క నీటిలో నిలుస్తుంది, బయటికి వాలితే గాలికి దారి ఇస్తుంది.

అల్యూమినియం, స్టీలు

స్టీలు రెక్క పలుచగా ఉంటుంది, వంగదు, నీటిని శుభ్రంగా కోస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది. 10 హెచ్‌పీ బోటులో ఆ తేడా దాదాపు కనిపించదు.

ఇసుక ఒడ్డు మీదికి లాగే బోట్లకు స్టీలు వల్ల నష్టమే ఎక్కువ. ఇసుక మేటకో, రాయికో తగిలినప్పుడు అల్యూమినియం రెక్క వంగి దెబ్బను తాను తీసుకుంటుంది. స్టీలు వంగకపోతే ఆ దెబ్బ షాఫ్టుకు, గేర్లకు పోతుంది. రబ్బరు బుష్ కొంత కాపాడినా పూర్తిగా కాదు. గేరు పెట్టె మరమ్మతుకు అయ్యే ఖర్చులో కొన్ని అల్యూమినియం ప్రొపెల్లర్లు వస్తాయి. ఉప్పునీటిలో ఇంజను అల్యూమినియం కాలి పక్కన స్టీలు ఉంటే అల్యూమినియం తుప్పు తినడం వేగమవుతుంది. తాను తుప్పు తిని ఇంజను కాలును కాపాడే జింకు ముక్కను (యానోడ్) సగం అరిగిన వెంటనే మార్చాలి, దాని మీద రంగు వేయకూడదు. మెగ్నీషియం యానోడ్ మంచినీటికే.

జువ్వలదిన్నెలా హార్బరు ఉన్న చోట బోటును ఇసుక మీదికి ఎక్కించే పని తప్పుతుంది, రెక్కలు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒడ్డు నుంచే దిగే ఊళ్లలో రెక్కల కొనలు ఇసుకకు అరుగుతూనే ఉంటాయి. ఇక్కడొక మోసం ఉంది. కొనలు అరిగి వ్యాసం తగ్గేకొద్దీ ఇంజనుకు భారం తగ్గి చుట్లు పెరుగుతాయి. ఇంజను బాగుపడినట్టు అనిపిస్తుంది, బోటును తోసే బలం మాత్రం తగ్గుతుంది. చుట్లు పెరిగి వేగం పెరగకపోతే రెక్కలను కొలవాలి. ఇంజను ఆపి, ప్లేటుకు ఒక పుల్ల ఆనించి పట్టుకుని, చేత్తో రెక్కలను ఒక్కొక్కటిగా దాని ముందుకు తిప్పితే ఏది వంగిందో, ఏది అరిగిందో ఆ సందే చెబుతుంది.

నైలాన్ దారం, రబ్బరు బుష్

ఈ తీరంలో ప్రొపెల్లర్‌కు అసలు శత్రువు వల దారమే. తెగిన నైలాన్ దారం షాఫ్టుకు చుట్టుకుని బిగిసి ఆయిల్ సీలును కోస్తుంది. నీరు గేరు ఆయిల్‌లోకి పోతుంది. కింది స్క్రూ వదిలించి చూసినప్పుడు ఆయిల్ పాలలా తెల్లగా వస్తే సీలు పోయినట్టే. ఆ స్థితిలో బోటు నడుస్తూనే ఉంటుంది, లోపల గేర్లు తింటూ ఉంటాయి. వల చుట్టుకున్న ప్రతిసారీ, పైకి కనిపించినంత కోసేసి ఊరుకోకుండా, ఒడ్డుకు రాగానే ప్రొపెల్లర్ విప్పి చూడాలి.

విప్పేముందు ఇంజను ఆపి, భద్రతా తాడు తీసి, ప్లగ్గు వైర్లు ఊడదీయాలి. రెక్కకూ ప్లేటుకూ మధ్య చెక్క ముక్క పెడితే తిరగదు. స్ప్లిట్ పిన్ను కొసలు చక్కబరచి లాగి, నట్టు, వాషరు, స్పేసరు వరసగా తీసి ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చుకోవాలి. లోపల ఉండే థ్రస్టు వాషరు తిరగేసి పెడితే ప్రొపెల్లర్ గేరు పెట్టెకు రాసుకుంటుంది. దాని వెనకే దారం దాక్కుంటుంది. శుభ్రం చేసి, షాఫ్టు పళ్లకు నీటికి కరగని గ్రీజు రాసి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. వంచిన పాత పిన్నును మళ్లీ వంచితే సముద్రంలో విరుగుతుంది.

బొడ్డులోని రబ్బరు బుష్ జారిపోయినప్పుడు లక్షణాలు గాలి దిగినట్టే ఉంటాయి: చుట్లు పెరుగుతాయి, బోటు కదలదు. తేడా ఏమంటే ఇది నిలకడ నీటిలో కూడా, థ్రాటిల్ పెంచినప్పుడల్లా వస్తుంది. అనుమానం ఉంటే బొడ్డు లోపలి గొట్టం నుంచి బయటి అంచు దాకా పెయింటుతో ఒక గీత గీసి నడిపి చూడాలి. గీత రెండుగా విడిపోతే బుష్ పోయింది. నెమ్మదిగా థ్రాటిల్ ఇస్తూ ఒడ్డు చేరవచ్చు. బుష్ మార్చేదాకా ఆ ప్రొపెల్లర్‌తో మొగ దాటకూడదు.

అదే ప్రొపెల్లర్, మారిన అంకె

సరైన ప్రొపెల్లర్ దొరికాక నిండు బోటు ఆర్‌పీఎం, వేగం రెండూ ఇంజను మూత లోపల రాసి పెట్టుకుంటే తర్వాత అదే ఇంజనుకు పరీక్షగా పనికొస్తుంది. కొన్ని నెలల తర్వాత అదే బరువుతో చుట్లు 300 తగ్గాయనుకోండి, ప్రొపెల్లర్ మారలేదు కాబట్టి కారణం వేరే చోట ఉంది. ముందు బోటు అడుగు చూడాలి. చిప్పలు, పాచి పట్టిన అడుగు నీటిలో ఎంత ఎదురు పెడుతుందో గీకాక పెరిగే చుట్లే చూపుతాయి. అడుగు శుభ్రంగా ఉంటే ప్లగ్గు, ఒక సిలిండర్ కాల్చకపోవడం, పెట్రోలు ఫిల్టర్, ఆ తర్వాత కంప్రెషన్. వేసవి ఎండల్లో వేడి గాలి పలచబడి ఇంజను బలం కాస్త తగ్గడం మామూలే, ఆ కాలంలో కనిపించే చిన్న తేడాకు పిచ్ మార్చనక్కర్లేదు. చుట్లు తగ్గకుండా వేగం మాత్రమే తగ్గితే రెక్కల కొనలు, బుష్ చూడాలి.